నీలమేనా?

మా మోటారు తాగినంత ఆయిల్ మా రేవులో ఇంకే మోటారూ తాగేది కాదు. తాగి ఊరుకునేదా అంటే అదీ కాదు, తాగినదంతా పొగ చేసి అందరి మొహాన కొట్టేది. మా పడవ వెనకాల వచ్చేవాళ్ళు దగ్గుకుంటూ, తిట్టుకుంటూ రావలసిందే. "మీ అన్నయ్య చేపలు పట్టడానికి వెళ్తున్నాడా, దోమలు తోలడానికి వెళ్తున్నాడా?" అని ఐసు గదిలో నాతో పాటు చేపలు పేర్చే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ పొగ మాట ఎత్తితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. ఆ పాతకాలం పడవ మోటార్లలో ఆయిల్ పోయడానికి వేరే చోటంటూ ఉండదు. పెట్రోలులోనే కలిపి పోయాలి. పెట్రోలుతో పాటే లోపలికి పోయి, పిస్టన్ ఒరుసుకుపోకుండా కాస్త తడి అంటించి, పెట్రోలుతో పాటే కాలి పొగైపోతుంది. ఎక్కువ పోస్తే ప్లగ్గు మసిబారి మోటారు మొరాయిస్తుంది. తక్కువ పోస్తే వేడెక్కుతుంది. అసలు పొయ్యకపోతే పిస్టన్ పట్టేస్తుంది. పట్టేసిందంటే ఇక దేవుడు దిగొచ్చి తాడు లాగినా కదలదు.

మా అన్నయ్యది ధారాళమైన చెయ్యి. ఆయిల్ కలపమంటే ఊరందరికీ అభ్యంగనం చేయిస్తున్నట్టు పోసేవాడు. నాన్నది పిసినారి చెయ్యి. వీళ్ళిద్దరి మధ్యా పడి ఆ మోటారు ఒకరోజు పొగ కక్కేది, ఒకరోజు మూలిగేది. వదిన కాపురానికి వచ్చిన కొత్తల్లో ఈ తంతు కొన్నాళ్ళు చూసి, "మావయ్యా, ఈ పని నాకొదిలెయ్యండి" అంది. పాత టానిక్కు సీసా ఒకటి తీసి, దానికి రబ్బరు బ్యాండు చుట్టి, అదే కొలత అంది. డబ్బాలో ఆయిల్ పోసి, మూత బిగించి, నేల మీద పడుకోబెట్టి, పాదంతో అటూ ఇటూ దొర్లించేది. దొర్లిస్తూనే కూరగాయలు తరిగేది, నాతో కబుర్లు చెప్పేది. ఆ తర్వాత మోటారు మొరాయించింది లేదు. పొగ మాత్రం మానలేదనుకోండి, ముసలిదానికి అన్ని అలవాట్లూ ఎక్కడ మాన్పించగలం!

చివరికి పక్క పడవలవాళ్ళు కూడా డబ్బాలు పట్టుకొచ్చి మా ఇంటి ముందు పెట్టడం మొదలుపెట్టారు. "మీ కోడలి చెయ్యి మంచిదమ్మా" అనేవాళ్ళు. అమ్మ పైకి మూతి ముడుచుకునేది గానీ, వాళ్ళు వెళ్ళాక నాలుగిళ్ళు తిరిగి ఆ మాట తనే చెప్పుకొచ్చేది.

ఆ ఆయిల్ నీలం రంగులో ఉంటుంది. పచ్చి పెట్రోలుకి రంగుండదు, మహా అయితే లేత పసుపు. ఆయిల్ కలిస్తే నీలం తిరుగుతుంది. అందుకని మా రేవులో ఆయిల్ కలిపావా అని ఎవరూ అడగరు. "నీలమేనా?" అంటారు. "నీలమే" అన్నారంటే ఇక పడవ తోసెయ్యొచ్చు. అన్నయ్య రోజూ తెల్లవారుజామున డబ్బా చేత్తో పట్టుకుని, వాకిట్లో నిలబడి, "నీలమేనా?" అని కేకేసేవాడు. రాత్రి తన కళ్ళ ముందే కలిపినా సరే, కేకెయ్యాల్సిందే. వదిన లోపల్నుంచి "నీలమే" అనేది.

"కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, ఇంకా నా మీద నమ్మకం కుదరలేదా?" అని ఓ రోజు వదిన దెప్పింది.

"నమ్మకం లేక కాదే. నీ గొంతు వినకుండా వెళ్తే ఆ తాడు పదిసార్లు లాగాలి" అన్నాడు.

"అబ్బో!" అన్నాను నేను.

"నువ్వు నోరుముయ్యవే రేడియో" అన్నాడు. నన్ను రేడియో అనేవాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని వాడి ఫిర్యాదు.

ఆ ఏడు వానలు మామూలుగా పడలేదు. పట్నం నుంచి వచ్చే రోడ్డు రెండు చోట్ల కొట్టుకుపోయింది. పెట్రోలు లారీ రావడం ఆగిపోయింది. రేవులో బంకు వాడు గొట్టాలకి తాడు కట్టేసి, కుర్చీ లోపలేసుకుని కూర్చున్నాడు. మామూలుగా అయితే మాకు ఏడాది గ్రాసం ఇచ్చేది ఆ వానాకాలమే. ఏటికి కొత్తనీరు వచ్చి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర చేప గుంపులు గుంపులుగా తిరుగుతుంది. ఆ ఏడు చేప వచ్చింది, పడవలు గట్టునే ఉన్నాయి. మగవాళ్ళు గట్టు మీద కూర్చుని మొగ వైపు చూస్తూ ఒకరి మీద ఒకరు విసుక్కునేవాళ్ళు.

"రోడ్డు బాగుపడేదాకా ఆగుదాం నాన్నా" అన్నాడు అన్నయ్య.

"మనం ఆగుతాం. చేప ఆగుతుందట్రా?" అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం నాన్న ఖాళీ డబ్బా భుజానేసుకుని ఎటో బయల్దేరాడు. ఎక్కడికంటే, "చూసొస్తాను, ఎక్కడైనా దొరక్కపోతుందా" అన్నాడు. వదినకి అప్పటికే జ్వరం. నేను కాచిన గంజి రెండు గుక్కలు తాగి, మాత్ర వేసుకుని పడుకుంది. పడుకునే ముందు కూడా అడిగింది, "పెట్రోలు వస్తే లేపుతారా? కలపాలి కదా" అని. "వచ్చినప్పుడు చూద్దాంలే, పడుకో" అన్నాడు అన్నయ్య. నాన్న ఎప్పుడొచ్చాడో నాకు తెలియదు. నేను పడుకున్నానంటే పిడుగు పడినా లేవను.

తెల్లవారుజామున మాత్రం ఒకసారి మెలకువ వచ్చింది. రేకుల మీద వాన. కుళాయిలో నీళ్ళు వచ్చే వేళ, అమ్మ బిందెలు తీసుకుని వెళ్ళిపోయినట్టుంది, పక్కన లేదు. వాకిట్లో అన్నయ్య గొంతు వినిపించింది. "నీలమేనా?" అన్నాడు. ఆ వానలో ఎటునుంచో "నీలమే" అని పలికింది ఒక గొంతు. రోజూ వినే మాటే కదా. దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకున్నాను.

ఆ రోజు ఐసు గదిలో ఉన్నాను. నాతో పనిచేసే ఆవిడ వచ్చి, నా చేతిలో చేప తీసి గంపలో పెట్టి, "ఇంటికి పద" అంది. ఎందుకు అని నేను అడగలేదు. ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి, ఎవరు అని ప్రాణాలు తీసే నేను ఆ ఒక్కసారి అడగలేదు.

మొగ దగ్గర మోటారు ఆగిపోయిందట. అక్కడ ఏటి నీళ్ళు ఒకవైపు తోస్తుంటే, సముద్రం ఇంకోవైపు తోస్తుంది. మోటారు ఆగిన పడవ అడ్డం తిరిగింది. అన్నయ్య తాడు లాగుతూనే ఉన్నాడట, వెనక మూడో పడవలో ఉన్నవాళ్ళు చూశారట. వాళ్ళు చేరేలోపలే బోల్తా పడింది. పడవ ఇసుకలోకి కొట్టుకొచ్చింది. అన్నయ్య మర్నాడు దొరికాడు. మామూలుగా నాన్న కూడా పడవలో ఉండేవాడు. ఆ రోజు, రాత్రి ఆలస్యంగా వచ్చి వరండాలో ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడని వాడు లేపలేదు.

పలకరించడానికి వచ్చిన పక్క పడవాయన వాకిట్లో కూర్చుని ఒక మాట అన్నాడు. "ఆ రోజు మీ మోటారు పొగే పెట్టలేదమ్మా. బాగుచేయించారేమో, ఎంత హాయిగా పోతోందో అనుకున్నాను." ఆ మాటకి వదిన చివాల్న తలెత్తి చూసింది. మిగతావాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి ఇసుకలో కూరుకుపోయిన మోటారు తీసి మా వాకిట్లో పడేశారు. రేవు మెకానిక్ వచ్చి అక్కడే కూర్చుని విప్పాడు. చుట్టూ సగం వీధి చేరింది. పిస్టన్ బయటికి రాలేదు. సుత్తితో కొడితే గీసుకుంటూ, పెచ్చులు లేచి వచ్చింది. మెకానిక్ లోపల వేలు పెట్టి తిప్పి, ఆ వేలు మాకు చూపించాడు. నల్లటి పొడి.

"ఉప్పునీటి వల్ల కాదు. చుక్క ఆయిల్ పడలేదు దీనికి. పచ్చి పెట్రోలు మీద తోలాడు" అన్నాడు.

అందరి కళ్ళూ వదిన మీదికి తిరిగాయి.

"ఆ రాత్రి నేను పడుకునేసరికి ఇంట్లో పెట్రోలే లేదు. లేనిదాంట్లో నేనేం కలుపుతాను?" అంది వదిన.

"లేకపోతే మోటారు నీళ్ళతో నడిచిందా?" అంది అమ్మ. నాన్న వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వు పెట్రోలు తెచ్చావు కదా ఆ రాత్రి? తెచ్చి కోడలికి చెప్పావా లేదా?"

నాన్న తల ఊపాడు. అవునన్నట్టా, కాదన్నట్టా? ఎవరికి కావలసినట్టు వాళ్ళు చూసుకున్నారు. అమ్మ అవుననే చూసింది. "విన్నారా? చెప్పాడట. చెబితే ముసుగుతన్ని పడుకుంది. నా కొడుకుని పచ్చి పెట్రోలుతో సముద్రం మీదికి తోలింది!" అని నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. వదిన ఒక్కసారి నాన్న మొహంలోకి చూసింది. నాన్న విప్పేసిన మోటారు ముక్కల్ని వరసగా పేర్చుతూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచీ మా ఇంటి ముందు ఒక్క డబ్బా పెట్టినవాడు లేడు. మంచిచెయ్యి అన్నవాళ్ళే వదిన ఎదురొస్తే డబ్బా ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని పోయేవాళ్ళు. కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. ఒకావిడ అయితే మొహం మీదే అనేసింది, "నిప్పు లేనిదే పొగ రాదమ్మా" అని. నేను ఊరుకుంటానా! "పొగ రాకపోబట్టే కదా తల్లీ మా కొంప మునిగింది! తెలియకపోతే నోరుమూసుకుని నీళ్ళు పట్టుకో" అన్నాను. అన్నానే గానీ, నా మాటకి ఏపాటి విలువ? రేడియో మోగితే ఎవరు పట్టించుకుంటారు!

అమ్మ వదినతో మాట్లాడటం మానేసింది. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం ఉన్నాం, చెంచా కింద పడితే వీధిలోకి వినిపించేది. ఒకరోజు అమ్మ వదిన వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చేయించింది. వచ్చి మీ చెల్లెల్ని తీసుకుపో అని. ఆ మాట నాతో చెప్పి, ఆవిడతో చెప్పమంది. గోడకి చెప్పినట్టు వదిన పక్కనే నిలబడి చెప్పింది.

వదిన బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది.

"మా అన్నయ్య వస్తే రానివ్వండి. మొగుణ్ణి చంపిందన్న పేరు నెత్తిన పెట్టుకుని మాత్రం నేనీ గుమ్మం దాటను. ఆ పేరు ఇక్కడ పెట్టారు. ఇక్కడే తీసెయ్యాలి. తీశాక ఉంటానో, పోతానో, అది నా ఇష్టం" అంది. గొంతు పెంచలేదు. మళ్ళీ చేట తీసుకుని రాళ్ళేరుకుంది. నాకు ఆవిడంటే ఇష్టం ముందు నుంచీ ఉంది. భయం మాత్రం ఆ రోజే వేసింది.

నాలో ఒక ముల్లు ఉండిపోయింది. ఆ తెల్లవారుజామున విన్న గొంతు. అది వదినదేనని నేను అనుకున్నాను, రోజూ వదినే కదా పలికేది. ఆ మాట అమ్మ చెవిన వేస్తే ఇంకేమన్నా ఉందా! జీవితంలో మొదటిసారి నా నోట్లో నువ్వుగింజ నానింది. కానీ ఎన్నాళ్ళు? ఒక మధ్యాహ్నం పెరట్లో వదిన బట్టలు ఉతుకుతుంటే పక్కన కూర్చున్నాను.

"వదినా, ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. ఆ రోజు పొద్దున నువ్వు నీలమే అని ఎందుకన్నావు?"

"ఏ రోజు?"

"ఆ రోజే."

ఆవిడ చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. "నేను పలకలేదమ్మడూ. మాత్ర వేసుకున్నాను కదా, ఒళ్ళు తెలియలేదు. లేచేసరికి నువ్వూ పనికి వెళ్ళిపోయావు. అయినా..." అని ఆగింది. "అడిగారా? మీ అన్నయ్య అడిగారా?"

"అడిగాడు. నేను విన్నాను."

అన్నయ్య పోయాక నేను వదిన ఏడవడం చూసింది అదే మొదటిసారి. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, సబ్బు చేతులతోనే మొహం మూసుకుని ఏడ్చింది. "నన్ను అడక్కుండా వెళ్ళిపోయారనుకున్నాను. జ్వరమని లేపకూడదని, అడక్కుండా వెళ్ళిపోయారనుకున్నాను" అంది. అందరూ అన్న మాటలకన్నా, ఇన్నాళ్ళూ ఆవిణ్ణి తొలిచింది అదన్నమాట. నాకూ ఏడుపొచ్చింది.

ముందు తేరుకున్నది ఆవిడే. కళ్ళు తుడుచుకుని, "అడిగితే మరి పలికిందెవరు?" అంది.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను దుప్పట్లో ఉన్నాను. వదిన నిద్రలో ఉంది. అమ్మ కుళాయి దగ్గర ఉంది. ఇంట్లో ఇంకెవరున్నారు!

నాన్న ఆ రోజుల్లో పొద్దస్తమానం విరిగిన పడవ దగ్గరే ఉండేవాడు. బాగుచేస్తున్నానని చెప్పేవాడు. ఒక చెక్క ఊడదీసి, మళ్ళీ అదే చెక్క అక్కడే బిగించేవాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నాన్నా, ఆ రోజు అన్నయ్య నీలమేనా అంటే నీలమే అన్నది నువ్వేనా?"

ఆయన ఉలిక్కిపడలేదు. ఎప్పుడడుగుతారా అని కూర్చున్నవాడిలా, చేతిలో సుత్తి పక్కన పెట్టాడు.

"నేనే" అన్నాడు.

"కలపకుండానే కలిపామని ఎలా అన్నావు?"

"కలిపామని అనలేదమ్మా. నీలమే అన్నాను." మెల్లిగా చెప్పుకొచ్చాడు. "ఆ రాత్రి తెచ్చింది బంకు పెట్రోలు కాదు. పొలాల్లో పంపులకి సర్కారు ఇస్తుందే, అది. వేరేవాళ్ళు వాడితే పట్టుకోవడానికి అందులో రంగు వేసే ఇస్తారు. నీలం రంగు. పడవలో పోస్తే లైసెన్సు పోతుంది, అందుకని పెట్రోలని పైకి అనకూడదు కదా. నీలం అనే అన్నాం. నీలం దొరుకుతుందా, నీలం ఎక్కడుంది, అని సాయంత్రం నుంచీ నోట్లో అదే మాట. వచ్చి, కలపకుండానే, అదే మాటతో పడుకున్నాను. నిద్రలో ఉన్నాను. వాడు లైటు వేసి చూసినట్టున్నాడు, నీలమేనా అన్నాడు. నువ్వు తెచ్చింది ఆ నీలమేనా అని అడుగుతున్నాడనుకున్నాను. నీలమే అన్నాను."

వాడికి కనిపించింది నీలం. వాడు విన్నది నీలం. ఇంకేం అనుమానిస్తాడు వాడు!

"మరి అమ్మ అడిగినప్పుడు నోరెందుకు రాలేదు నీకు? కుళాయి దగ్గర దాన్ని ఎలా కాల్చుకు తింటున్నారో తెలుసా నీకు? తల ఊపావు కదా నాన్నా! తల ఎలా ఊపగలిగావు?"

"మొదటి రోజు చెప్పలేకపోయాను. రెండో రోజు, మరి నిన్న ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. ఆ తర్వాత ఇక..." అని ఊడదీసిన చెక్కని అరచేత్తో తుడిచాడు. నా కన్నతండ్రి. నాకు ఆయన్ని పట్టుకుని ఏడవాలనీ అనిపించింది, ఆ సుత్తి తీసి ఏటిలో విసిరెయ్యాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "లే, ఇంటికి పద. నాతో చెప్పడం కాదు" అన్నాను.

వచ్చాడు. వదిన ముందు నిలబడి, కళ్ళెత్తకుండా, నాతో చెప్పినదంతా చెప్పాడు. అమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని వింది. విని, జారి కూర్చుండిపోయింది. ఎంతో సేపటికి, ఇన్నాళ్ళకి మొదటిసారి, వదినతో నేరుగా మాట్లాడింది.

"తప్పయిపోయిందే తల్లీ. నిన్నిక ఎవరూ ఏమీ అనరు, నేను అననివ్వను. కానీ కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంచుదాం. బయటికి పొక్కితే ఆయన్ని జైల్లో వేస్తారేమో. కొడుకు పోయాడు, ఈయన కూడా పోతే నేనేమైపోవాలి?"

"నన్ను అన్నది ఇంట్లో కాదత్తయ్యా" అంది వదిన. "కుళాయి దగ్గర అన్నారు. రేవులో అన్నారు. మావయ్య చెప్పేదేదో రేవులో చెప్పాలి. అందరి ముందూ, వినపడేలా చెప్పాలి."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న, "చెబుతాను" అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

అప్పటికి రోడ్డు బాగై, లారీలు వస్తున్నాయి. మర్నాడు తెల్లవారేసరికి రేవు మామూలు రేవులాగే ఉంది. పడవలన్నీ వరసగా నీళ్ళలోకి దింపి, మోటార్లు వేడి చేసుకుంటున్నారు. చెవులు గింగిర్లెత్తే మోత, పొగ. నాన్న ముందు నడిచాడు. వెనక వదిన, నేను. వద్దని ఏడ్చిన అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది.

నాన్న మొదటి పడవ దగ్గర ఆగి ఏదో అన్నాడు. ఆ మోతలో వాళ్ళకి వినపడలేదు. "ఏంటి?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు ఒకడు. నాన్న వదిన వైపు చూశాడు. వదిన కదల్లేదు. అప్పుడు ఆయన మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, పడవలన్నిటి ఎదురుగా నిలబడి అరిచాడు. అంత గట్టిగా ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు.

"నా కోడలి తప్పు లేదు! ఆ రోజు పెట్రోలు తెచ్చింది నేను! కలపనిదాన్ని నీలమే అని చెప్పింది నేను! నా కొడుకుని నేనే పంపాను! దాని తప్పేం లేదు!"

దగ్గరి మోటారు ఒకటి ఆగింది. అది చూసి పక్కది. నాన్న మళ్ళీ అరిచాడు, మొదటి నుంచీ. ఇంకోటి ఆగింది. మూడోసారి అరిచేసరికి రేవు మొత్తం నిశ్శబ్దంగా ఉంది, ఆయన గొంతు ఒక్కటే అవతలి గట్టుదాకా పోయింది. గొంతు జీరపోయి దగ్గు వచ్చింది. ఎవరైనా ఏదైనా అంటారని చూశాను. అయ్యో అంటారనో, ఎంత పని చేశావయ్యా అంటారనో, పోనీ తిడతారనో.

పెద్ద సరంగు, అంటే రేవులో అందరికన్నా పాత పడవాయన, నీళ్ళలోకి దిగి వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఎందుకయ్యా ఇప్పుడా గోల? ఆ మాట గట్టిగా అనకు. మాకు తెలియదా ఏంటి? అందరం ఒక్క ట్రాక్టర్ మీదే కదా వెళ్ళి ఆ నీలం తెచ్చుకున్నాం. మేం ఆయిల్ కలుపుకున్నాం, నువ్వు కలపలేదు."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్క మొహమే చూశాను. పొగే పెట్టలేదమ్మా అన్నాయన తాడు చుట్టుకుంటూ కిందికి చూశాడు. డబ్బా ఈ చేతికి మార్చుకుని పోయినవాడు ప్లగ్గు తుడుచుకుంటున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదన్నావిడ మొగుడు అటు తిరిగి నిలబడ్డాడు. దొంగకి తేలు కుట్టినట్టు ఒక్కడూ కిమ్మనలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. వీళ్ళు పిడికెడేసి పంచుకుని తినేసి, తట్ట మొత్తం ఒక ఆడదాని నెత్తిన పెట్టారు.

"మీ అందరికీ తెలుసా?" అంది వదిన. అంత దూరం నుంచి కూడా వినపడింది.

"అమ్మా, నువ్వు ఆవేశపడకు. లైసెన్సులు పోతే ఇన్ని కుటుంబాలు..." అన్నాడు పెద్ద సరంగు.

"తెలుసా, తెలియదా?"

చివర ఉన్న పడవలో ఎవరో తాడు లాగారు. మోటారు అందుకుంది. ఆ వెంటనే పక్కది, దాని పక్కది. కాసేపట్లో ఒకరి మాట ఒకరికి వినపడకుండా పోయింది. ఒక్కొక్కటే మొగ వైపు వెళ్ళిపోయాయి. నాన్న ఒక్కడే నీళ్ళలో నిలబడి ఉన్నాడు. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని గట్టుకి తెచ్చింది.

ఇంటికి వచ్చాక వదిన బట్టలు సర్దుకుంది. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఉండిపోవే. నీ కాళ్ళు పట్టుకుంటాను. వాడి గుర్తుగా నువ్వొక్కదానివే కదా మాకు మిగిలావు" అని ఏడ్చింది. నేనూ బతిమాలాను. నాకూ ఆవిడ లేకపోతే ఎవరున్నారు!

వదిన అమ్మ కళ్ళు తన కొంగుతోనే తుడిచింది.

"మీ మీద కోపం లేదత్తయ్యా. మీకు తెలియక అన్నారు. తెలియక అన్నవాళ్ళతో ఎలాగో బతకొచ్చు. రేపు ఆ కుళాయి దగ్గరికి వెళ్తే వాళ్ళంతా నన్ను పలకరిస్తారు, మళ్ళీ డబ్బాలు తెచ్చి ఈ వాకిట్లో పెడతారు, నేను కలపాలి. నా వల్ల కాదు" అంది.

వదిన ఫోన్ చేస్తే, మధ్యాహ్నం వాళ్ళ అన్నయ్య వచ్చాడు. పెద్దగా సామానేం లేదు, ఒక పెట్టె, ఒక సంచి. నన్ను దగ్గరికి తీసుకుని, "వాగుతూ ఉండమ్మడూ, నువ్వూ మూగదానివైపోకు" అంది. నాన్న వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వదిన ఆయన ముందు ఆగింది. ఏదైనా అంటుందేమోనని ఆయన తల వంచుకుని ఎదురుచూశాడు.

"వెళ్తున్నాను మావయ్యా" అంది.

వెళ్ళొస్తాను అనలేదు.